బీడు పెట్టిన బిళ్ళ

లాంచీ వెళ్లిన మర్నాడు

సుగుణ గారికి ఉలిమెట్ట దీవి నుంచి గోగుల చినబ్బిరెడ్డి నమస్కారాలు.

అమ్మా, ముందే క్షమించమని అడుగుతున్నాను. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో తోచకపోతే వదిలేస్తాను. మీరే దిద్దుకుని చదవండి. ఆశ్రమ బడిలో అయిదు వరకే చదివాను. ఆ బడి ఇప్పుడు నీళ్ల కింద ఉంది.

మీ ఉత్తరం నిన్నటి లాంచీలో అందింది. మూడు నెలలుగా ఉలిమెట్ట నుంచి నేను పంపే జ్వరాల రక్తపరీక్ష కాగితాలు బాగా లేవని రాశారు. ప్రతి బిళ్ళా నా కళ్ల ముందే మింగుతున్నారా అని అడిగారు. వచ్చే లాంచీ దాకా జరిగింది జరిగినట్టు రాసి పంపమన్నారు. మబ్బు పట్టిన నెలల్లో ఈ కొండకు రేడియోలో మాట అందదు కదా, కాగితమే గతి. నాకు మాటలు తక్కువ. అయినా రాస్తాను.

ఇవాళ పొద్దున వీరన్నకు మూడో రోజు పరీక్ష. వీరన్న చేపల బుట్టలు అల్లుతాడు, ముప్పై ఏళ్లు దాటలేదు, గట్టి మనిషి. తెల్ల బిళ్ళ మూడు రోజులు పడ్డాక రక్తం శుభ్రంగా ఉండాలి. వేలు పొడిచి, చుక్క గాజు పలక మీద పామి, ఊదా రంగు నీళ్లలో ఉంచి, ఆరబెట్టి మైక్రోస్కోపులో చూశాను. రెండు వందల తెల్ల కణాలు లెక్కపెట్టే లోపల మలేరియా పురుగులు ముప్పై ఒకటి కనిపించాయి. అన్నీ చిన్న చిన్న ఉంగరాలు. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై రెండు.

ఇంకో చుక్క తీసి, పురుగు జన్యువులు చదివే చుక్కపెట్టెలో వేశాను. గంటకు కాగితం వచ్చింది. పురుగు పదమూడో పోగు, అంటే క్రోమోజోము, దాని మీది జన్యువులో ఒక అక్షరం మారింది. పద్నాలుగో పోగు మీద ఒకటే ఉండాల్సిన జన్యువు మూడుసార్లు ఉంది. కింద ఎర్ర గీత, అంటే తెల్ల బిళ్ళకు లొంగదని. పోయిన నెల లాగే.

"ఏటంటది పెట్టి?" అన్నాడు వీరన్న.

"ఇంకా ఉన్నాయంట."

"పెట్టికే జొరమొచ్చిందేమో సూడు బాబాయ్. దానికీ ఓ బిళ్ళెయ్యి."

నేను నవ్వలేదు. అతనూ ఎక్కువసేపు నవ్వలేదు. వణుకు మొదలైంది. గొంగడి కప్పి, దోమతెరలో పడుకోబెట్టి, రేవులో ఎర్ర జెండా ఎగరేశాను. ఇక ఏ పడవా ఇటు రాదు, ఇక్కడి నుంచి ఏ పడవా వెళ్లదు.

మూడో రోజు

ఇంకో జ్వరం. కన్నమ్మ. చనిపోయిన నా తమ్ముడి కోడలు. ఏడో నెల. మొగుడు కింది దీవిలో వలల పనికి వెళ్లాడు. జెండా దించే దాకా రాలేడు.

నేను ఆ ఇంట్లో అడుగు పెట్టను. అక్కడ పోతమ్మ ఉంటుంది. తమ్ముడి భార్య. మా వాళ్లలో తమ్ముడి భార్య ఎదుట బావ నిలబడడు, మొహం చూడడు, మాట్లాడడు. నలభై ఏళ్లుగా పక్కపక్క ఇళ్లలోనే ఉన్నాం. నాకు ఆమె గొంతు తెలుసు, దగ్గు తెలుసు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే మధ్యలో కన్నమ్మ ఉంటుంది.

తడిక ఇవతల నిలబడ్డాను. కన్నమ్మ సందులోంచి వేలు బయట పెట్టింది. పొడిచి చుక్క తీశాను. తర్వాత అటు తిరిగి, చెయ్యి వెనక్కి చాపి పొట్లం అందించాను.

"ఎవరికిత్తన్నావు మావా, తడిక్కా?" అంది. జ్వరంలో కూడా ఆమె నోరు ఊరుకోదు.

"మూడు రోజులు. మానకూడదు."

"అట్టాగే. నువ్వోసారి ఇటు తిరిగితే నీకూ ఓ బిళ్ళెడతాను."

లోపలి నుంచి పోతమ్మ గొంతు వినిపించింది. "ఓలమ్మీ, మీ పెదమావతో సెప్పు, జావ తడిక మీదెట్టానని. సల్లారిపోద్ది."

"ఇనబడిందంట అత్తా," అంది కన్నమ్మ, నన్ను అడక్కుండానే.

ఆమె పలక చూశాను. రెండు వందలకు నూట నలభై. పుస్తకంలో పేరు రాసి, 'ఎదుట మింగారు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

నాలుగో రోజు

వాన. మైక్రోస్కోపు అద్దానికి బూజు పట్టకుండా బియ్యపు డబ్బాలో పెట్టాను. దోమతెరలు మూడు కుట్టాను.

బీడు డబ్బా తుడిచాను. లోపల పసుపు బిళ్ళలు తొమ్మిది, ఒక మనిషికి మూడు రోజుల మోతాదు. మూత మీద మీ పరీక్షశాల ముద్ర. 'అనుమతి లేనిదే విప్పరాదు.' దీన్ని ఎనిమిదేళ్లుగా తుడుస్తున్నాను.

పసుపు బిళ్ళను తొమ్మిది దీవులూ ఒకేసారి ఎందుకు ఆపాయో శిక్షణలో మీరు చెప్పినప్పుడు అందరికంటే ముందు నాకే అర్థమైంది. పోడు కొట్టిన వాడిని కదా. కొండవాలు మీద మూడేళ్లు పండిస్తే చాలు, ఆ నేల చెక్కను వదిలేసి ఇంకో చెక్కకు పోతాం. మందు కూడా అంతేనన్నారు. పసుపు బిళ్ళ వేసినన్నాళ్లూ, దాన్ని బయటికి తోసేసే మార్పు ఉన్న పురుగులే బతికాయి. బిళ్ళ ఆపేశాక ఆ మార్పు పురుగుకు దండగ. వరద లేని రోజున కూడా పడవ నెత్తిన పెట్టుకు తిరిగినట్టు. పడవ లేనివి ముందు పరుగెత్తి పెరుగుతాయి. పదేళ్లు బీడు పెడితే మోసే పురుగులు దాదాపుగా పోతాయి, అప్పుడు బిళ్ళ మళ్లీ పండుతుంది. ఇంకా రెండేళ్లు ఉంది.

తెల్ల బిళ్ళ సంగతి వేరు. పురుగు రక్తం తిన్నప్పుడు అందులోంచి ఇనుము తేలుతుంది, అది తగిలితేనే మందు రాజుకుంటుంది. పదమూడో పోగు మారిన పురుగు ఉంగరంలా ఉన్నప్పుడు సరిగా తినదు. ఉపవాసం చేస్తుంది. మందు వస్తుంది, నిప్పు అందక పోతుంది. ఆ తర్వాత అది లేచి తింటుంది. అదే బిళ్ళలో తోడుగా ఉన్న రెండో మందుకు అడ్డంగా ఆ మూడు జన్యువులు ఉన్నాయి. ఒక మనిషి చేసే పనికి ముగ్గురు కూర్చున్నట్టు.

నాకు అర్థమైనంత ఇది. తప్పయితే చెప్పండి.

ఆరో రోజు

కన్నమ్మ మూడో రోజు పలక చూశాను. రెండు వందలకు నూట పది. ఎర్ర గీత.

తడిక దగ్గరికి వెళ్లాను. ఏం అడగాలో దారిలో రెండుసార్లు అనుకుని వెళ్లాను.

"కోడలా. బిళ్ళలన్నీ మింగావా?"

"మింగాం మావా, అందరం మింగాం."

"అందరం ఏంటి?"

"నాకు సగం. అత్తకి సగం, ఆవిడికీ ఒళ్లు నొప్పులంట. సాయంత్రందాన్లో ఓ ముక్క వీరన్నోళ్లింటికి. ఆళ్లూ పంపుతారు కదా, ఆళ్లకొచ్చినప్పుడు."

"మందు పంచుకోవడమేంటి!"

"కుందేలు పడితే పద్నాలుగిళ్లకీ వాటా ఎయ్యమా? మందు మాత్రం ఒక్కదాన్నే మింగితే గొంతులో ఎట్టా దిగుద్ది మావా? ఇయ్యాల కొత్తగా అడుగుతున్నావేటి? మూడేళ్లుగా అంతే కదా."

ఆమెకు ఆయాసం వచ్చింది. నేను వచ్చేశాను.

అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. మొదటి రోజే రాయాల్సింది.

లేదు. నా కళ్ల ముందు మింగలేదు. బిళ్ళ నోట్లో వేయించి, నీళ్లు తాగించి, నాలుక ఎత్తి చూపించమనాలని మీరు నేర్పారు. నాకు సిగ్గు. ఆడవాళ్ల మొహంలోకి చూసి నోరు తెరవమని అడగలేను. మగవాళ్లను అడిగినా నవ్వుతారు. తడికల మీదుగా పొట్లం ఇచ్చి, ఇంటికి వచ్చి టిక్కులు పెట్టాను. పుస్తకంలో ఆ గడి పెట్టిన ఈ మూడేళ్లలో నాలుగు వందల పైన ఉంటాయి. అందులో నేను చూసినవి నావే, నాకు జ్వరం వచ్చినప్పటివి.

ముక్క మందుకు చచ్చేది బలహీనమైన పురుగు. మిగిలేది ఉపవాసం నేర్చినది. దాన్ని ఇంటింటికీ పంచి పెంచాం. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తెలిసి టిక్కు పెట్టాను.

ఏడో రోజు

రాయడానికి చేతులు రాలేదు. పలకలు కడిగాను.

ఎనిమిదో రోజు

పొద్దున్నే తడిక అవతల పోతమ్మ గొంతు. "ఓలమ్మీ, మీ పెదమావతో సెప్పు."

కన్నమ్మ పలకలేదు.

"ఓలమ్మీ."

తడిక తలుపు లాగి పోతమ్మే బయటికి వచ్చింది. నా ఎదుట నిలబడింది. నేను నేల చూశాను.

"బావగారూ. అదిప్పుడు ఎవురితోనూ ఏం సెప్పదు. కళ్లు తేలేత్తంది. మీరు లోపలికి రండి."

నలభై ఏళ్లలో ఆమె నాతో అన్న మొదటి మాట ఇది.

వెళ్లాను. కన్నమ్మ ఒళ్లు పెనంలా ఉంది. ఎవరినో పిలుస్తోంది, పేరు తెలియలేదు. పలకలో రెండు వందలకు మూడు వందల ఎనభై. మీరు ఇచ్చిన కాగితంలో ఉంది, కడుపుతో ఉన్న మనిషికి ఇంత ఎక్కితే తల్లీ దక్కకపోవచ్చు, బిడ్డా దక్కకపోవచ్చు. లాంచీ రావడానికి ఇంకా ఏడు రోజులు.

ఇంటికి వచ్చి బీడు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. విప్పితే తొమ్మిది దీవుల ఎనిమిదేళ్ల బీడు నా చేత్తో చెడవచ్చు. విప్పకపోతే ఆ పిల్ల ఎల్లుండికి ఉండదు.

ముద్ర పగలగొట్టాను. పగలగొట్టిన వేళ డబ్బా మీద రాశాను. ఇది నా పనే, ఇంకెవరిదీ కాదు.

అదే రోజు, మధ్యాహ్నం

డబ్బాతో బయటికి వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. దీవిలో ఏ మాటా దాగదు. పెద్దకాపు లింగారెడ్డి అరుగు మీద కూర్చున్నాడు. మా ఊరి పెద్ద, వేట వాటాలు వేసేది ఆయనే. నిన్నటి నుంచి ఆయనకూ జ్వరం, గొంగడి కప్పుకున్నాడు.

"ఎన్నున్నాయిరా అబ్బీ?"

"తొమ్మిది."

"జొరాలు మూడు. కన్నమ్మ, వీరన్న, నేను. తలా మూడు. లెక్క కుదిరింది." ఆయన చెయ్యి చాపాడు. ఆ చేతి వాటా తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

నేను డబ్బా ఇవ్వలేదు. అందరూ నావైపే చూస్తున్నారు.

"తొమ్మిదీ ఒక్కరికే," అన్నాను.

"ఎవురికి? మీ ఇంటి కోడలికా?" అన్నది ఎవరో వెనక నుంచి. అది నాకు గుచ్చుకుంది. న్యాయమైన మాటే.

"అన్నా, ఒకటడుగుతాను," అన్నాను లింగారెడ్డితో. "పోడు సగం కాలిత్తే ఏమవుద్ది?"

"సగమెవడు కాలుత్తాడు?"

"వాన పడి ఆరిపోయిందనుకో."

"మోడులు సిగురెడతాయి. తుప్ప రెట్టింపవుద్ది. ఆ సెక్క ఇంక పనికి రాదు."

"మూడేళ్లుగా మనం మందును అట్టా సగం కాల్చాం. నేను సూడలేదు. నా తప్పు. తెల్ల బిళ్ళ సెక్క పోయింది. ఇది కూడా మూడు ముక్కలు సేత్తే ముగ్గురికీ దక్కదు, రేపు మన పిల్లలకీ దక్కదు. ఒక్కరికి పూర్తిగా ఏత్తే ఒక్కరు దక్కుతారు."

నా జన్మలో ఒకేసారి ఇన్ని మాటలు అనలేదు.

లింగారెడ్డి చాపిన చేతిని చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత గొంగడిలోకి తీసుకున్నాడు.

"కడుపుతో ఉన్న జంతువుని ఏటాడం," అన్నాడు. "రెండు పేణాలు. దానికెయ్యి. వీరిగా, నీకేటి?"

"నాకేటుంది పెద్దయ్యా. వణకడం అలవాటయిపోయింది," అన్నాడు వీరన్న. అతని పెళ్లాం మాత్రం లేచి వెళ్లిపోయింది. ఆమె వెళ్లిన వైపు నేను చూడలేకపోయాను.

వాళ్లిద్దరికీ తెల్ల బిళ్ళ వారం రోజుల పాటు పొడిగించాను. ప్రతిదీ నా ఎదుటే.

తొమ్మిదో రోజు

మొదటి మూడు నిన్న పడ్డాయి. ఇవాళ మూడు.

మంచం పక్కనే కూర్చుంటాను. పోతమ్మ కన్నమ్మ తల ఎత్తి పట్టుకుంటుంది. నేను బిళ్ళ నాలుక మీద పెట్టి, నీళ్లు పోసి, మింగాక దీపం దగ్గరగా పెట్టి నోట్లోకి చూస్తాను. నాలుక కింద, బుగ్గల వెనక. చూడడం అంత కష్టమేం కాదు. ఇంత మాత్రం పనికి మూడేళ్లు సిగ్గుపడ్డాను.

అరగంట లోపల వాంతి అయితే మళ్లీ వేయాలి. వేయడానికి లేవు. ఇవాళ రెండో బిళ్ళ పడగానే కన్నమ్మకు వికారం వచ్చింది. పోతమ్మ ఆమెను లేపి వీపు తన గుండెకు ఆనించుకుని కూర్చుంది. నిమ్మాకు నలిపి ముక్కు దగ్గర పెట్టింది. ఆపకుండా మాట్లాడుతూనే ఉంది.

"కక్కావంటే సంపేత్తాను. సూడు, మీ మావ సూత్తన్నాడు. నలభై ఏళ్లకి మొకం సూడబోతే ఈయనికి తలకాయ మీద ఒక్క ఎంటిక లేదే! తెలిత్తే అప్పుడే సూసేసేదాన్ని, సిగ్గు పడే పనేటుంది?"

కన్నమ్మ పెదవి కదిలింది. నవ్వో, వికారమో తెలియలేదు. అరగంట గడిచింది. బిళ్ళ లోపలే ఉంది.

పదో రోజు

చివరి మూడు పడ్డాయి. సాయంత్రానికి చెమట పట్టింది. నీళ్లు తనే అడిగి తాగింది. "మావా, నువ్విక్కడేం సేత్తన్నావు?" అంది.

పదకొండో రోజు

రెండు వందల కణాలకు సున్నా. నమ్మకం చాలక అయిదు వందలు లెక్కపెట్టాను. సున్నా. ఇంకో పలక చేశాను. సున్నా. కళ్లు నీళ్లు కారుతుంటే తుడుచుకుని మళ్లీ చూశాను.

ఎనిమిదో రోజున తీసి దాచిన రక్తం చుక్కను పెట్టెలో వేశాను. పసుపు బిళ్ళకు సంబంధించింది ఏడో పోగు మీది జన్యువు. అందులో పాత మార్పు లేదు. కింద నల్ల గీత. అంటే ఈ పురుగు తెల్ల బిళ్ళకు లొంగదు కానీ పసుపు బిళ్ళకు లొంగుతుంది. ఒక్క మనిషి కాగితాన్ని బట్టి తొమ్మిది దీవుల మాట చెప్పకూడదని నాకు తెలుసు. ఈ కాగితం పుస్తకంలో అంటించాను.

బిడ్డ కదులుతోందని పోతమ్మ చెప్పింది. నాతోనే చెప్పింది.

పద్నాలుగో రోజు

వీరన్న జ్వరం తగ్గి మళ్లీ ఎక్కింది. రెండు వందలకు ఇరవై. లింగారెడ్డి అన్నకు నలభై. ఇద్దరూ మాట్లాడుతున్నారు, తింటున్నారు. వీరన్న పెళ్లాం మా ఇంటి వైపు రావడం లేదు. బిళ్ళ ఇవ్వడానికి నేనే వెళ్తున్నాను. తలుపు తీస్తుంది, పక్కకు తిరిగి నిలబడుతుంది.

నిన్న మధ్యాహ్నం జావ కాస్తూ పోతమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది. పళ్లు కొట్టుకుంటున్నాయి. ఒళ్లు నొప్పులని ఇన్నాళ్లూ సగం బిళ్ళలు మింగింది కదా, ఈ పురుగు ఆమెలో ఎప్పటి నుంచి ఉందో. రెండు వందలకు డెబ్బై. ఎర్ర గీత. ఆమెకు అరవై రెండేళ్లు. గుండె కూడా అంత మంచిది కాదు.

తెల్ల బిళ్ళ పూర్తిగా వేస్తున్నాను. దాంతో తగ్గకపోవచ్చని చెప్పేశాను. దాచడం ఇక నాకు చేతకాదు.

"తెలుసులెండి," అంది. "తొమ్మిదీ దానికే అన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను కదా బావగారూ."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

లాంచీ రేపు వస్తుంది. జెండా ఉంది కాబట్టి ఒడ్డుకు రాదు. ఈ పుస్తకం, పలకలు, కాగితాలు వెదురు గడకు కట్టి అందిస్తాను. పాత పుస్తకాలు మూడు కూడా పంపుతున్నాను. అందులో టిక్కులు నమ్మకండి.

సుగుణ గారూ, పసుపు బిళ్ళలు ముగ్గురికి కావాలి. ఇరవై ఏడు. మింగించే పూచీ నాది. నన్ను నమ్మలేకపోతే వేరే మనిషిని పంపండి, నేను దీపం పట్టుకుంటాను. ముద్ర పగలగొట్టినందుకు ఏ శిక్ష వేసినా సరే, అది తర్వాత వేయండి. మిగతా ఎనిమిది దీవుల మేలు కోసం ఇక బిళ్ళ ఇవ్వకూడదని మీవాళ్లు తేల్చితే, ఆ మాటయినా రాయండి. మీరు తప్పు చేశారని నేను అనను. కానీ మందు వస్తుందా అని పోతమ్మ నిన్నటి నుంచి అడుగుతోంది, నేను ఏదో ఒకటి చెప్పాలి.

పదిహేను రోజులు ఆగకండి. మధ్యలో చేపల లాంచీ ఏదైనా ఇటుగా వెళ్తే దానికి ఇచ్చి పంపండి. రేవులో పగలంతా నేనే ఉంటాను. దయచేసి జవాబు త్వరగా రాయండి.

ఇట్లు
గోగుల చినబ్బిరెడ్డి
ఉలిమెట్ట